తీరం వెంట ఏ దారి?

క్రొయేషియాలో తీరం పొడవునా సాగే రైలుమార్గం లేదు. దేశం లోపలి నుంచి కొండలు దిగి వచ్చే రైళ్ళు రియేకా, స్ప్లిట్ వంటి రేవు పట్టణాలకు చేరి అక్కడితో ఆగిపోతాయి, దుబ్రోవ్నిక్‌కైతే 1970ల మధ్యలో పాత నారోగేజ్ లైను మూతపడిన తరువాత రైలన్నదే లేదు. కనుక సొంత వాహనం గాని టూర్ కంపెనీ ఏర్పాట్లు గాని లేకుండా ఆ తీరాన్ని చూడదలచినవారికి బస్సే ఆధారం. అక్కడ బస్సు ప్రయాణం ఓపికగా నేర్చుకోదగిన విద్య.

ఆ విద్యలో మొదటి పాఠం ‘వోజ్ని రెద్’, అంటే బస్సుల వేళల పట్టిక. చాలామంది అందులో బయలుదేరే వేళ, చేరే వేళ మాత్రమే చూస్తారు గాని, అసలు చదవవలసినవి మధ్యలోని ఊళ్ళ పేర్లు. ఎందుకంటే ఇక్కడ దారులు రెండు: ఒకటి కొండల వెనుక నుంచి వేగంగా సాగే ఏ1 మోటార్‌వే, 2005లో స్ప్లిట్ దాకా పూర్తయినది, మరొకటి యుగోస్లావియా కాలంలో, 1960లలో పూర్తయిన ‘యాద్రాన్‌స్కా మగిస్త్రాలా’, అంటే ఏడ్రియాటిక్ రహదారి, నీటి అంచునే మలుపులు తిరుగుతూ పోయేది. రియేకా నుంచి జాదర్ వెళ్ళే బస్సు పట్టికలో సేన్, కార్లోబాగ్ అన్న పేర్లు కనిపిస్తే అది రెండో దారిన పోతుందని అర్థం. గంటో రెండు గంటలో ఆలస్యమైనా ఆ బస్సునే ఎంచుకోవాలి.

ఆ దారిలో ఎడమవైపు వెలెబిత్ పర్వతం గోడలా లేస్తుంది, కుడివైపు సన్నని జలసంధికి అవతల రాబ్, పాగ్ దీవులు కనిపిస్తాయి. వాటి వీపు పచ్చిక గాని చెట్టు గాని లేని తెల్లని రాయి. అది ‘బురా’ చేసిన పని. బురా అంటే పర్వతం మీదినుంచి సముద్రం మీదికి విరుచుకుపడే చల్లని ఈశాన్యపు గాలి. అది అలల ఉప్పునీటిని చిమ్మి దీవుల ఒడ్డున పోస్తుంది గనుక అక్కడ మొక్క నిలవదు. గాలి మరీ ముదిరిన రోజున ఎత్తైన వాహనాలను ఈ రోడ్డు మీదికి రానివ్వరు, కాబట్టి చలికాలంలో ప్రయాణించేవారు ఒక రోజు చేతిలో ఉంచుకోవడం మంచిది. దీవుల ఈ తెల్లని రాతిని మోటార్‌వే మీద పోయేవారు ఇంత దగ్గరగా చూడలేరు.

పెద్ద సామానును డిక్కీలో పెట్టేటప్పుడు డ్రైవరుకో కండక్టరుకో విడిగా రుసుము చెల్లించడం అక్కడి బస్సులలో సాధారణం. చిల్లర యూరోలు జేబులో ఉంటే పని సులువు. స్ప్లిట్ బస్ స్టేషన్ రేవు పక్కనే ఉండడంతో దీవుల ఫెర్రీలు, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కోట రెండూ నడక దూరమే. దుబ్రోవ్నిక్‌లో మాత్రం బస్సు గ్రూజ్ రేవు దగ్గర ఆగుతుంది, ప్రాకారాల నగరానికి పీలే ద్వారం దాకా సిటీ బస్సు పట్టుకోవాలి.

స్ప్లిట్, దుబ్రోవ్నిక్‌ల నడుమ మరో చిక్కు ఉంది. వెనిస్‌తో ఇరుగుపొరుగు సరిహద్దు తప్పించుకోవడానికి దుబ్రోవ్నిక్ గణరాజ్యం నెయుమ్ ప్రాంతాన్ని ఒట్టోమన్ తుర్కులకు వదిలివేయగా, 1699 నాటి కార్లోవిట్స్ ఒప్పందంతో ఆ ఏర్పాటు స్థిరపడింది. ఆ ముక్కే నేడు బోస్నియాకు ఉన్న కొద్దిపాటి తీరం. 2022 జులైలో 2.4 కిలోమీటర్ల పెల్యేషాట్స్ వంతెన తెరిచేదాకా రోడ్డు మీద వెళ్ళే బస్సు ఒకే ప్రయాణంలో రెండుసార్లు సరిహద్దు దాటవలసి వచ్చేది. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్ వీసా కూటమిలో చేరింది గనుక, ఒకసారి ప్రవేశానికే చెల్లే వీసాతో వెళ్ళిన భారతీయ ప్రయాణికులు నెయుమ్ మీదుగా బయటికి వెళితే తిరిగి లోపలికి రాలేరు. హైదరాబాదు నుంచైనా, విజయవాడ నుంచైనా అక్కడికి వెళ్ళే తెలుగువారు టికెట్టు కొనేముందు బస్సు వంతెన మీదుగా పోతుందా, నెయుమ్ మీదుగా పోతుందా అని తప్పక అడగాలి.