ఎండకూ కరెంటు కోతకూ ఓర్చే సర్వరు

2020 డిసెంబరు 8న రెడ్ హ్యాట్ సంస్థ చేసిన ఒక ప్రకటన ఎందరో సర్వరు అడ్మిన్లకు నిద్ర లేకుండా చేసింది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్న భరోసాతో సెంటాస్ 8 వేసుకున్నవాళ్లకు 2021 డిసెంబరు 31తోనే ఆఖరని తేల్చేసింది. పైసా కట్టకుండా రెడ్ హ్యాట్ లినక్స్‌తో సరితూగుతుందని కాలేజీలు, చిన్న కంపెనీలు నమ్ముకున్న వ్యవస్థ అది. ఆ ఖాళీని పూరించడానికి 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్‌జర్ సెంటాస్ వ్యవస్థాపకుల్లో ఒకరు. తనతో పనిచేసి కన్నుమూసిన రాకీ మెక్‌గా పేరునే దానికి పెట్టారు.

సర్వరుకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకునేటప్పుడు దాన్ని ఎవరు చూసుకుంటారు, ఎన్నేళ్లు చూసుకుంటారు అన్నదే మొదట అడగాలి.

అనంతపురం లాంటి చోట ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్టలో రైతులు కొత్త వేరుశనగ రకాలు ఎన్ని వచ్చినా టీఎంవీ-2ను దశాబ్దాల తరబడి వదల్లేదు. వానల మధ్య ఎడం వచ్చినా ఎంతో కొంత చేతికొస్తుందన్నదే వాళ్ల ధీమా. ఒక్క అడ్మిన్, ఒక్క గది, పాత యంత్రాలు ఉన్న కాలేజీకి గానీ సహకార సంఘానికి గానీ కావలసిందీ అలాంటి ఓర్పే.

ఆ ఓర్పును ఒక పద్ధతిగా మలిచింది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు యజమాని కంపెనీ లేదు, నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్‌లో చేరుతుంది. పెద్ద లోపాలేవీ బయటపడకపోతే టెస్టింగ్‌కు వస్తుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌లో కొత్త మార్పులు ఆపేసి, నెలల తరబడి లోపాలు సరిదిద్ది స్టేబుల్‌గా విడుదల చేస్తారు. ఆ తర్వాత సాధారణంగా వెర్షన్ మార్చకుండా భద్రతా సవరణలు, పెద్ద లోపాల మరమ్మతులు మాత్రమే అందులో కలుపుతారు. అందుకే వెర్షన్ నంబరు పాతగా కనిపించినా లోపల మరమ్మతు జరిగే ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇది పరాయిదేమీ కాదు. 2005లో మొదలైన హైదరాబాదు సంస్థ స్వేచ్ఛ తన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను డెబియన్ మీదే కట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్‌కూ అదే పునాది.

ఈ నిదానం విలువ 2024 మార్చిలో తెలిసొచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ అన్‌స్టేబుల్‌లో పనిచేస్తూ, దూరం నుంచి సర్వరులోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. తవ్వి చూస్తే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీలో ఎవరో దొంగదారి పెట్టారు. కొన్నేళ్లుగా నమ్మకం సంపాదించుకుంటూ వచ్చి చేసిన పని అది. డెబియన్ స్టేబుల్‌కు మాత్రం ఆ ప్యాకేజీ ఇంకా చేరనే లేదు. అర సెకను తేడాను పట్టించుకున్న ఆ మనిషికి ఎంత రుణపడినా తక్కువే.

ఎంపిక ఒక్క రోజు పని, నిర్వహణ ఏళ్ల పని. కరెంటు సంగతే తీసుకుందాం. యూపీఎస్ ఉంటే చాలదు, బ్యాటరీ అడుగంటుతోందన్న కబురు సర్వరుకు అందాలి. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ తీగ కలిపి, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాం పెడితే, బ్యాటరీ అయిపోకముందే డేటాబేస్‌ను మూసి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. సెలవు రోజున గోడ ప్లగ్గు పీకి ఇది జరుగుతోందో లేదో చూడాలి. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ మొరాయిస్తే ముందు ప్రమాదంలో పడేవాటిలో డిస్కులు ఒకటి. స్మార్ట్‌సీటీఎల్ అన్న ఆదేశం డిస్కు ఎంత వేడెక్కిందో, ఎన్ని సెక్టార్లు చెడిపోయాయో చెబుతుంది. దాన్ని రోజూ నడిపి, తేడా వస్తే ఫోనుకు సందేశం పంపేలా అమర్చుకోవచ్చు.

మిగతా అలవాట్లు అందరూ చెప్పేవే, పాటించేవాళ్లే తక్కువ. అవసరం లేని సర్వీసు ఎక్కించకూడదు. రూట్ పాస్‌వర్డుతో బయటినుంచి లాగిన్ కానివ్వకుండా కీలతోనే రానివ్వాలి. సెట్టింగుల్లో చేసిన ప్రతి మార్పూ, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో నమోదు కావాలి, లేకపోతే ఉన్న ఒక్క అడ్మిన్ ఉద్యోగం మారిన రోజున వచ్చినవాళ్లకు దిక్కు తోచదు.

బ్యాకప్ దగ్గర మాత్రం ఎంత గట్టిగా చెప్పినా చాలదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. తీరా చూస్తే ఉన్న ఐదు బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఎవరో చేతితో తీసిన స్నాప్‌షాట్ దొరికింది. ఆ సంస్థ జరిగిందంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది. విద్యార్థుల మార్కులు, రోగుల రికార్డులు దాచే ఏ సర్వరుకైనా నెలకోసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలోకి తిరిగి ఎక్కించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాల్సిందే.

డెబియన్ 12 వాడుతున్నవాళ్లకు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీల్లో ఎక్కించే ఇన్‌స్టాలర్ లేదు. ల్యాబ్‌లో అలాంటి పాత యంత్రం సర్వరుగా నడుస్తుంటే, దాని బదులు కొత్తది కొనే ఖర్చును వచ్చే బడ్జెట్‌లోనే రాయించుకోవాలి. మార్పిడికి మే ఎండలు కాకుండా దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో చూసుకుంటే మేలు.