సాక్ష్యం అడగని చికిత్స

తామారును ఊరకుండమన్న అబ్షాలోము మాట (2 సమూయేలు 13) మన సంఘాలలో ఇంకా వినబడుతూనే ఉంది. దానికి విరుగుడనుకొని కొందరు కాపరులు హింసకు గురైన స్త్రీని కూటంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తున్నారు. తూర్పు కాంగోలో లైంగిక హింసకు లోనైన స్త్రీల మధ్య జూడిత్ బాస్ బృందం జరిపి, 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు అలవాట్లనూ ప్రశ్నిస్తుంది.

7 గ్రామాలలో 6 నుండి 8 మంది స్త్రీలు గుంపుగా 11 సార్లు కూడారు. మరో 8 గ్రామాలలో ఎవరికి వారికే విడిగా ఆదరణ అందింది. చికిత్స ముగిసిన ఆరు నెలలకు కుంగుబాటు లేక ఆందోళన ఉన్నట్టు కనబడినవారు గుంపులలో 9 శాతం, రెండవ పక్షంలో 42 శాతం. గాయానంతర మానసిక ఒత్తిడిలోనూ ఫలితం అటువంటిదే.

అంకెలకన్నా పద్ధతి మమ్మును ఎక్కువ ఆలోచింపజేసింది. జరిగిన దారుణాన్ని వివరించడం ఈ చికిత్సలో భాగం కాదు. “తప్పు నాదే” వంటి తలంపును పట్టుకొని, అది నిజమేనా అని కలిసి పరీక్షించారు. చదువురానివారికి అనువుగా వ్రాతపనిని తగ్గించారు. నడిపించినవారు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలే.

అయితే మేలు ఆ పద్ధతి వలననా, తోటి స్త్రీల సహవాసం వలననా? అధ్యయనం విడదీసి చూపలేదు. కనుక స్త్రీల కూటం ఒక్కటే చాలునని దీన్నిబట్టి వాదించలేము. పైగా మన ఊళ్లలో ఆ కూటంలో అత్త, ఆడపడుచు, కోడలు ఒకే చాపమీద కూర్చుంటారు. కొట్టే భర్త గురించి కోడలు అక్కడ నోరు విప్పలేదు. ఆమె గుంపు వేరే ఊరిలో కూడాలి.