నాలుగంగుళాల నేత

2021 జనవరిలో లూయీ విటాన్ సంస్థ తన మగవారి దుస్తుల ప్రదర్శనను, కరోనా వల్ల ప్రేక్షకులను పిలవలేక, సినిమాగా తీసి విడుదల చేసింది. పారిస్ ఫ్యాషన్‌కు అలవాటైన కోట్లు, టోపీల మధ్య కొందరు మోడళ్లు ఘనా దేశపు కెంటె నమూనా వస్త్రాన్ని ఒంటికి చుట్టుకుని నడిచారు. ఆ దుస్తుల రూపకర్త వర్జిల్ అబ్లో. ఘనా నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల బిడ్డ. కుట్టుపని తెలిసిన తల్లి దగ్గరే సూదీ దారం పట్టడం నేర్చుకున్నాడు. 2018లో లూయీ విటాన్ పురుషుల విభాగం పగ్గాలు అందుకుని, ఆ పదవిలోకి వచ్చిన తొలి నల్లజాతి వ్యక్తి అయ్యాడు. 2021 నవంబరులో, 41 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

పారిస్ దాకా చేరిన ఆ నమూనాకు పుట్టిల్లు ఘనాలోని కుమాసి నగరం దగ్గరి బోన్‌విరె అనే ఊరు. సాలీడు గూడు అల్లుతుంటే చూసి ఇద్దరు అన్నదమ్ములు ఈ నేత కనిపెట్టారని అక్కడి అసాంతె జనం చెప్పుకుంటారు. తూర్పున వోల్టా ప్రాంతంలో ఎవె నేతగాళ్లది మరో సంప్రదాయం. వాళ్ల పట్టీల మీద జంతువులు, మనుషులు, పీటల బొమ్మలు కూడా కనిపిస్తాయి.

కెంటె మగ్గం సన్నది. దాని మీద దిగే గుడ్డ వెడల్పు దాదాపు నాలుగు అంగుళాలే. నేతగాడికి ఎదురుగా పడుగు చాలా దూరం సాగి ఉంటుంది. దాని అవతలి కొసను బరువు పెట్టిన బల్లకు కడతారు. నేత సాగేకొద్దీ ఆ బరువు నేల మీద ఈడ్చుకుంటూ దగ్గరకు వస్తుంది. పడుగు బిగువంతా ఆ బరువుదే. పోగులను ఎత్తి దించే తాళ్లను నేతగాడు కాలివేళ్ల మధ్య పట్టుకుని లాగుతాడు, చేతులతో నాడె విసురుతాడు. ఆ పోగులను ఎత్తే కట్లు రెండు జతలు: ఒక జతతో సాదా నేత పడుతుంది, పడుగు చారలు పైకి కనిపిస్తాయి. రెండో జత వాడినప్పుడు పేక దట్టంగా కూరుకుపోయి పడుగును పూర్తిగా కప్పేస్తుంది, రంగుల గడి లేస్తుంది. చార, గడి, మళ్లీ చార. ఇలా గజాల కొద్దీ నేసి, ఆ పట్టీని ముక్కలుగా కోసి, అంచుకు అంచు కలిపి కుడతారు. మగవాడు నిండుగా కప్పుకునే వస్త్రానికి సుమారు 24 పట్టీలు కావాలి.

ఈ పనిలో కష్టమంతా కొలతలో ఉంది. ఒక పట్టీలోని గడి పక్క పట్టీలోని చార పక్కన సరిగ్గా కూర్చుంటేనే కుట్టిన తర్వాత చదరంగపు బల్లలాంటి అమరిక వస్తుంది. పేకను ఒకచోట కొంచెం గట్టిగా, మరోచోట కొంచెం వదులుగా బిగిస్తే గడి పొడవు మారిపోతుంది, వస్త్రమంతా వంకర తిరుగుతుంది. మొత్తం వస్త్రం తయారయ్యాక ఎలా ఉంటుందో నేతగాడు నేసేటప్పుడు ఎక్కడా చూడలేడు. అతని కళ్ల ముందున్నది ఒక్క పట్టీయే. మిగతా ఇరవైమూడూ అతని బుర్రలో ఉంటాయి.

పట్టు దొరకని రోజుల్లో, విదేశీ వర్తకులు తెచ్చిన పట్టు బట్టలను కొని, పోగు పోగుగా విప్పి, ఆ దారంతో అసాంతె రాజుల కోసం నేసేవారు. ఇప్పుడు ఎక్కువగా నూలు, రేయాన్ వాడుతున్నారు. ప్రతి నమూనాకూ ఒక పేరు ఉంటుంది, ఆ పేర్లలో రాజకీయాలు కూడా నడిచాయి. ఆ తర్వాత ఘనా తొలి అధ్యక్షుడైన క్వామె ఎన్‌క్రుమా 1957 చివర్లో ఈజిప్టుకు చెందిన ఫథియాను పెళ్లాడినప్పుడు, ఆమె ఆయనకు తగిన జోడీ అని ఒక నమూనాకు పేరు పెట్టారు. 1966లో సైన్యం ఆయన్ను దించేశాక, అదే నమూనాను ఒక్క మనిషి దేశాన్ని ఏలలేడు అన్న పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

ఇలాంటి వస్త్రాన్ని కత్తెరతో కోయడం దర్జీకి పరీక్షే. పట్టీలు మందంగా ఉంటాయి, కోసిన చోట పోగులు జారతాయి, అతుకులు ఎక్కడ పడతాయో ముందే లెక్క వేసుకోవాలి. లండన్‌లో చదివి, 1992లో స్వదేశం ఘనాకు తిరిగొచ్చిన డిజైనర్ కోఫీ అన్సా ఆఫ్రికా బట్టలను నేటి కుట్టుతో కలపడానికే జీవితం వెచ్చించాడు. 2014లో ఆయన పోయేనాటికి రాజధాని అక్రాలో ఒక కొత్త తరం తయారైంది. వాళ్లలో ఐషా అయెన్సు 2008లో ప్రారంభించిన క్రిస్టీ బ్రౌన్ ఫ్యాషన్ సంస్థకు తన బామ్మ పేరు పెట్టుకుంది. ఆ బామ్మ కూడా కుట్టుపని చేసేది.

ఘనా మూలాలున్న ఫ్యాషన్ ప్రముఖుల విషయంలో ఈ ఇంటి కుట్టుమిషన్ కథ పదే పదే ఎదురవుతుంది. లండన్‌లో పుట్టిన ఓజ్వాల్డ్ బోటెంగ్ తన తల్లి పాత మిషన్ మీద మొదలుపెట్టి, లండన్ దర్జీల వీధి సావిల్ రో సూట్లకు గాఢమైన రంగులు తెచ్చి, 2003లో జివాన్షీ ఫ్యాషన్ సంస్థ పురుషుల విభాగానికి నాయకుడయ్యాడు. ఘనాలోని తకోరాడిలో పుట్టిన ఎడ్వర్డ్ ఎనిన్‌ఫుల్ కూడా దర్జీ తల్లి పక్కన పెరిగినవాడే. 2017లో బ్రిటిష్ వోగ్ పత్రికకు సంపాదకుడై, తన తొలి సంచిక ముఖచిత్రం మీద తలపాగా చుట్టుకున్న మోడల్ అడ్వోవా అబోవాను నిలబెట్టాడు. ఆమె తండ్రిది ఘనా. ఆడపిల్లలు మానసిక ఆరోగ్యం గురించి నోరు విప్పేందుకు ఒక వేదిక నడిపిన ఈ మోడల్‌ను ఎంచుకోవడం, ఆ పత్రిక అప్పటిదాకా చూపిన అందానికి ఆయన ఇచ్చిన సూటి జవాబు.

కెంటెకు ఇంత పేరు వచ్చినా, బోన్‌విరె మగ్గం పక్కన పోటీగా నిలిచింది మరమగ్గం, అచ్చు గుడ్డ. కెంటె నమూనాను చవకగా అచ్చేసి అమ్మే సరుకు బజార్లను నింపేసింది. మన పోచంపల్లి నేతగాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. 2024 డిసెంబరులో యునెస్కో ఘనా కెంటె నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవం దక్కింది, కానీ జాబితా కూలి ఇవ్వదు. కూలి రావాలంటే కొనేవాడికి తేడా తెలియాలి. అచ్చు గుడ్డ వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, కలిపి కుట్టిన పట్టీల అంచులు ఉండవు. అసలు కెంటెలో ప్రతి నాలుగు అంగుళాలకూ ఒక కుట్టు కనబడుతుంది. పెద్ద ఫ్యాషన్ సంస్థలు ఈ నమూనాను వాడుకున్నప్పుడు దుస్తుల మీది చీటీలో డిజైనర్ పేరుతో పాటు నేసిన ఊరి పేరూ రాయాలి, ఆ ఊరికి తగిన ధర చెల్లించాలి. కొనే మనం కూడా ముందు గుడ్డను తిరగేసి చూద్దాం.