పెట్టెలు మాత్రమే కనిపించే యంత్రం

‘స్త్రీ’ అని టైపు చేస్తే కంప్యూటరు దాచుకునేవి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కాగితం మీదికి వచ్చేసరికి పొల్లు ఒక్కటీ మిగలదు. అన్నిటికన్నా చివర కొట్టిన గుడిదీర్ఘం మిగతావాటిని దాటుకుని ముందుకొచ్చి స నెత్తిన కూర్చుంటుంది. తకారం, రేఫ ఒత్తులై కిందికి దిగుతాయి. సీసపు అచ్చుల రోజుల్లో ఈ సర్దుబాటంతా కంపోజిటరు వేళ్ల మీద జరిగేది. ఇప్పుడు పని ముగ్గురి మధ్య పంపకమైంది: పేజీ కట్టే ప్రోగ్రాము ఒకటి, అక్షరాన్ని కూర్చే ప్రోగ్రాము ఇంకొకటి, ఆపైన ఫాంటు. ఎవరి పని ఎంతవరకో తెలిస్తే తెలుగు పేజీ ఎక్కడ చెడుతోందో కూడా తెలుస్తుంది. ఇది చూడటానికి టెక్ అనే, పేజీలు కట్టే ప్రోగ్రాముల కుటుంబాన్ని మించినది నాకు కనపడలేదు. అందులో దాపరికం లేదు. ప్రతి అమరికకూ ఒక పేరుంది, ప్రతి పేరుకూ ఒక విలువ ఉంది.

1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి నొచ్చుకున్నాడు. మొదటి కూర్పు సీసపు అచ్చులతో వచ్చింది, చూడముచ్చటగా ఉండేది. అప్పటికి ఫోటో టైప్‌సెట్టింగ్ వచ్చి ఆ సొగసు పోయింది. పుస్తకం పక్కన పెట్టి రెండు ప్రోగ్రాములు రాయడానికి కూర్చున్నాడు. పేజీ కట్టడానికి టెక్, అక్షరాల రూపు గీయడానికి మెటాఫాంట్.

ఈ రెంటినీ విడదీయడంలోనే అసలు తెలివంతా ఉంది. టెక్‌కు ‘అ’ గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో తెలియదు, తెలియనక్కర్లేదు. దానికి ప్రతి గ్లిఫూ, అంటే అచ్చులో పడే ప్రతి అక్షర రూపమూ, ఒక పెట్టె. వెడల్పు ఎంత, ఆధారరేఖకు పైన ఎత్తెంత, కింద లోతెంత, వాలు అక్షరమైతే చివర ఎంత సవరణ కావాలి అన్నంతవరకే దానికి పట్టింపు. ఈ కొలతలన్నీ టీఎఫ్ఎం అనే చిన్న ఫైలులో ఉంటాయి. అంగుళానికి 72.27 పాయింట్లు, ఒక పాయింటును మళ్లీ 65,536 భాగాలు చేసి పూర్ణాంకాల్లోనే లెక్క కడుతుంది. అందుకే కొలతలు మారనంతకాలం ఏ కంప్యూటరులో కట్టినా లైను విరిగేచోటే విరుగుతుంది.

అదే ఫైలులో ఇంకో రెండు సంగతులు దాగి ఉంటాయి. ఇంగ్లీషు పెద్ద బడి ‘ఎ’ పక్కన ‘వి’ వస్తే రెంటినీ కాస్త దగ్గరికి జరపమనేది ఒకటి, దీన్నే కెర్నింగ్ అంటారు. చిన్న ‘ఎఫ్’ పక్కన ‘ఐ’ వస్తే రెంటినీ తీసేసి పన్నెండో గడిలోని జంట గ్లిఫ్‌ను పెట్టమనేది ఇంకొకటి. ఇంగ్లీషుకు ఇవి నగలు. తీసేసినా మాట చదువుకోవచ్చు. కన్ను కాస్త చిరాకుపడుతుందేమో గానీ అర్థం చెడదు. తెలుగులో అలా కాదు. రెండు సంకేతాలను కలిపి ఒక బొమ్మగా మార్చే ఈ పని జరక్కపోతే అచ్చయ్యేది తప్పు అక్షరమే. మనకు గ్లిఫ్ అమరిక అలంకారం కాదు, వర్ణక్రమం. ఈ ఒక్క తేడాను పట్టించుకోకుండా ఇంగ్లీషు పుస్తకానికి పనికొచ్చిన అమరికలనే తెలుగుకు తగిలించడం వల్లే మన పేజీలు సగం చెడుతున్నాయని నా అభిప్రాయం.

పాత టెక్‌లో ఒక ఫాంటుకు 256 గడులే. గుణింతాలు, ఒత్తులు, వాటి జోడింపులు అన్నీ అందులో ఇమడాలి. రోమన్ అక్షరాల్లో రాసుకున్న పాఠాన్ని ముందు వేరే ప్రోగ్రాము గ్లిఫ్‌ల వరుసగా మార్చిపెడితే, టెక్ దాన్ని పేజీగా కట్టేది. దేవనాగరికి ఫ్రాన్స్ వెల్తూయిస్ చేసిన ప్యాకేజీ ఈ దారిలో పేరుపడ్డది. తెలుగుకూ అలాంటివి వచ్చాయి. ఓపికమంతుల పని అది.

2004లో ఎస్ఐఎల్ సంస్థకు చెందిన జోనాథన్ క్యూ విడుదల చేసిన జీటెక్ ఆ గోడ కూల్చింది. యూనికోడ్ తెలుగును నేరుగా రాయవచ్చు, కంప్యూటరులో ఉన్న ఏ ఓపెన్‌టైప్ ఫాంటునైనా పిలవవచ్చు. 2013 నుంచి అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము చేస్తోంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగును కూర్చేది కూడా ఇదే. జీటెక్ రెండు ఖాళీల మధ్య మాటను మొత్తంగా దానికి అప్పగిస్తుంది. అది గ్లిఫ్‌ల సంఖ్యలు, ఏది ఎక్కడ కూర్చోవాలో ఆ స్థానాలు తిరిగిస్తుంది. మాట మొత్తం ఒకే పెట్టె అయిపోతుంది. క్నూత్ పెట్టెల లెక్క చెక్కుచెదరలేదు, పెట్టె పెద్దదైందంతే. ఇదే కుటుంబంలోని మరో ప్రోగ్రాము లువాటెక్‌ది వేరే దారి: గ్లిఫ్‌లను విడివిడిగానే ఉంచుతుంది, కావాలంటే మనం మధ్యలో చెయ్యిపెట్టి మార్చుకోవచ్చు.

హార్ఫ్‌బజ్ చేసే పని మనం బడిలో నేర్చిన గుణింతానికి దగ్గరగానే ఉంటుంది. ముందు మాటను అక్షరాలుగా విడదీస్తుంది. తెలుగులో మొదటి హల్లే ఆధారం, తర్వాతివి ఒత్తులు. కాబట్టి ‘స్త్రీ’లో స నిలబడుతుంది. గుడిదీర్ఘాన్ని ఒత్తుల ముందుకు లాక్కొస్తుంది. ఆపైన ఫాంటులోని సూత్రాలను వరుసగా అడుగుతుంది. పొల్లు, త కలిస్తే నీ దగ్గర ఒత్తు ఉందా? పొల్లు, ర కలిస్తే? సకు గుడిదీర్ఘం కలిసిన గ్లిఫ్ ఉందా? ఉంటే పెడుతుంది. ‘క్ష’కు వేరే సూత్రం, అది అన్నిటికన్నా ముందు నడవాలి, లేకపోతే క కింద ష ఒత్తు మామూలుగా వేలాడుతుంది. ఐత్వానిది మరీ తమాషా. ఒకే సంకేతం రెండుగా చీలి ఒక ముక్క పైకి, ఒక ముక్క కిందికి పోతుంది.

ఎక్కడ కలపకూడదో చెప్పే సంకేతం కూడా ఉంది, కంటికి కనపడదు. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరంలోనూ అదే ఉంది: జ, పొల్లు, ఞ, ఈ కనపడని సంకేతం, దీర్ఘం. ఈ వరుస మెసేజిలో వస్తే ఆ యాప్ మూతపడేది. ఆపిల్ అదే నెలలో 11.2.6 కూర్పుతో సరిచేసింది. ప్రపంచమంతా ‘తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది’ అని చెప్పుకుంది గానీ తప్పు అక్షరానిది కాదు, దాన్ని కూర్చే ప్రోగ్రాముది.

ఇక మన చేతిలో ఉండే అమరికలు. మొదటిది, ఇది తెలుగు లిపి అని ఫాంటును పిలిచేటప్పుడే చెప్పడం. ఫాంట్‌స్పెక్ అనే ప్యాకేజీలో ఒక్క మాట రాస్తే చాలు. మరిచిపోతే యంత్రం తెలుగు సూత్రాల జోలికే పోదు. పొల్లులు విడివిడిగా తేలతాయి.

రెండోది, ఎక్కువమందిని ఏడిపించేది, లైన్ల మధ్య ఎడం. టెక్ మీద నడిచే లాటెక్ 10 పాయింట్ల అక్షరానికి ఆధారరేఖల మధ్య 12 పాయింట్లు ఇస్తుంది. ఇంగ్లీషులో కిందికి దిగేది చిన్న ‘జి’, ‘వై’ లాంటి కొన్ని అక్షరాల తోకలే కాబట్టి అది సరిపోతుంది. మన దగ్గర రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి దిగవచ్చు, కింది లైనులో గుడిదీర్ఘం పైకి లేవవచ్చు. రెండూ ఢీకొట్టబోతే టెక్ ఊరుకోదు. పై పెట్టె అడుగుకు, కింది పెట్టె నెత్తికి మధ్య చోటు చాలదనుకుంటే 12 పాయింట్ల నియమాన్ని ఆ ఒక్క చోట వదిలేసి లైనును కిందికి తోసేస్తుంది. పేజీ చూస్తే లైన్లు కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా ఉంటాయి. ఎందుకలా ఉందో తెలియక చాలామంది ఫాంటును తిడతారు. మందు తేలిక: ఎడం ముందే పెంచాలి. 11 పాయింట్ల తెలుగుకు 17 పాయింట్లు తగ్గకూడదంటాను. కాగితం ఖర్చు పెరుగుతుందంటారు ప్రచురణకర్తలు. పెరుగుతుంది మరి. లేదా గ్లిఫ్ కొలతలు వదిలి ఫాంటు మొత్తానికి ఉన్న ఎత్తు, లోతు వాడమని జీటెక్‌కు చెప్పవచ్చు; అప్పుడు లైన్లన్నీ ఒకే తీరున పడతాయి.

మూడోది దొంగ బొద్దు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురన్న వంటి ఉచిత తెలుగు ఫాంట్లకు ఒకటే మందం. శీర్షిక బొద్దుగా కావాలంటే యంత్రం అంచుల చుట్టూ సిరా పూసి మందం చేస్తుంది. రోమన్ అక్షరం దీన్ని కొంత ఓర్చుకుంటుంది. తెలుగులో థకు, ధకు తేడా కడుపులోని చుక్క. ఠకు, రకు తేడా కూడా చుక్కే. చిన్న సైజులో సిరా పూస్తే చుక్క చుట్టూ ఉన్న తెలుపు మూసుకుపోతుంది, ఇక ఏది చుక్కో ఏది గీతో పోల్చుకోలేం. కథ కాస్తా కధ అయిపోతుంది. ప్రూఫు దిద్దేవాడు ఎంత చూసినా లాభం లేదు, పాఠంలో తప్పే లేదు కదా. బొద్దు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు లాగా బొద్దును విడిగా గీసిన ఫాంటునే వాడాలి. అక్షరాలను పక్కకు వాల్చడం అంతకన్నా దండగ. మన లిపికి ఇటాలిక్ అలవాటే లేదు.

అక్షరాల మధ్య ఎడం పెంచే అమరికను శీర్షికల్లో ముట్టుకోకపోవడమే మేలు. అది ఎడం పెంచేది మనం అక్షరం అనుకునే వాటి మధ్య కాదు, గ్లిఫ్‌ల మధ్య. వెడల్పున్న ఒత్తు గ్లిఫ్ ఉంటే అది తన హల్లును వదిలి పక్కకు జరుగుతుంది. ఇంగ్లీషు మాటలు కలిసే పుస్తకంలో రెండు లిపుల సైజు సరిచూడటానికి ఆటోమేటిక్ అమరిక ఒకటుంది. అది రోమన్ చిన్న అక్షరం ఎత్తును బట్టి పోలుస్తుంది. తెలుగుకు ఆ కొలతే లేదు. కంటితో చూసి శాతం ఇచ్చుకోవలసిందే.

మిగిలింది పీడీఎఫ్. తయారైన పేజీలో ఉన్నవి సంకేతాలు కావు, గ్లిఫ్‌లు, అవీ స్థానాలు మారినవి. ‘ప్రాంతం’లో దీర్ఘం ఒత్తు ముందుకు వెళ్లి పను అంటిపెట్టుకుంది కాబట్టి, కాపీ చేస్తే ‘పా్రంతం’ అని వస్తుంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి ముక్కలు కుప్పలు. వెతికితే దొరకవు, గుడ్డివారికి చదివిపెట్టే ప్రోగ్రాములు వాటి దగ్గర తడబడతాయి. జీటెక్‌లో దీనికో అమరిక ఉంది. ప్రతి మాట వెనకాల మనం టైపు చేసిన అసలు సంకేతాలను కూడా దాచమని అది చెబుతుంది. మామూలుగా అది మూసి ఉంటుంది. ఫైలు మొదట్లో ఒక్క లైను రాసి దాని విలువ ఒకటి చేయాలి. ఫైలు సైజు కొంచెం పెరుగుతుంది, అచ్చులో ఏ తేడా కనపడదు.