చింతగింజల లెక్క

వెట్టిచాకిరీ గురించి ఏడెనిమిదేళ్ల పిల్లలకు చెప్పేటప్పుడు నేను కొరడా జోలికి పోను. కొరడా అనగానే భయపడతారు, అయ్యో పాపం అంటారు, అంతటితో సరి. హైదరాబాద్ శివారు పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం కథలకు కూర్చుంటే ముందు గుప్పెడు చింతగింజలు తీస్తాను.

అనగనగా ఒకాయన కూతురి పెళ్లికి దొర దగ్గర పది గింజలు అప్పు తెచ్చాడు. బదులుగా జీతగాడిగా చేరాడు. ఏడాది చాకిరీతో నాలుగు తీరాయి. దొర పుస్తకం తీశాడు: తిన్న జొన్నలకు రెండు, జ్వరమొచ్చి పడుకున్నందుకు ఒకటి, వడ్డీ మూడు. పిల్లలు లెక్కపెడితే పన్నెండు తేలాయి! తండ్రి ముసలివాడైతే ఆ పన్నెండూ కొడుకు నెత్తిన. నిజాం కాలంనాటి తెలంగాణ పల్లెల్లో దీన్ని భగేలా అనేవారు.

"ఆంటీ, ఆ పుస్తకం రాసేదెవరు?" అంది ఒక పాప.

నాకు కావలసింది ఆ ప్రశ్నే.

నాటకం వేయించమని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వేయించను. దొర వేషానికి అందరూ ఎగబడతారు, వెట్టివాడి వేషం ఎవడో మెతకపిల్లాడికి అంటగడతారు. దొరల ఇళ్లలో దాసీలుగా బతికిన ఆడబాపల సంగతీ ఈ వయసులో ఎత్తను. హైస్కూలుకొచ్చాక చదువుకోవడానికి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఉండనే ఉంది.

చాకలి ఐలమ్మ కథకైతే బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పాలకుర్తిలో ఆమె కౌలుకు చేసిన పొలం మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపడం, వెట్టికి వ్యతిరేకంగా పోరాడే సంఘం వాళ్లు అడ్డం తిరిగి పంటను ఆమె ఇంటికే చేర్చడం విని చప్పట్లు కొడతారు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆమె పేరే అంటే మరీ సంబరం. అక్కడితో ఆపేస్తే, అదంతా తాతల కాలంనాటి ముచ్చట అనుకుని ఇళ్లకు పోతారు.

అందుకే ఇటుకబట్టీల దాకా వెళ్తాను. వెట్టిని రద్దుచేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయినా ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి నువాఖాయి పండగ రోజుల్లో అడ్వాన్సు తీసుకుని, ఆ బాకీ తీర్చడానికి పిల్లాజెల్లాతో మన చుట్టుపక్కల బట్టీలకు వచ్చేవాళ్లున్నారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని. కొన్నిచోట్ల అధికారులు వెళ్లి విడిపించాల్సి వచ్చింది.

"మరి వాళ్ల పిల్లల స్కూలు?" అన్నాడొకడు. కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బడులు పెట్టారన్నాను.

"లెక్కలు కూడా చెబుతారా?"

చెబుతారన్నాను.