గాలికి ఎదురు నిలిచేవాళ్లు

కోదాడ నుంచి చిలుకూరు మీదుగా హుజూర్‌నగర్‌కు, అక్కడి నుంచి నేరేడుచర్ల దాటి మిర్యాలగూడకు పోయే రోడ్డు మీద చెప్పుకోదగ్గ గుట్ట లేదు. అటూ ఇటూ సాగర్ ఎడమ కాలువ కింది వరి మళ్లు. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే మిర్యాలగూడ వైపు సైకిల్ తొక్కేవాడికి రోడ్డు ఎంత చదునుగా ఉన్నా లాభం ఉండదు. ఆ సమయంలో రైసు మిల్లుకు పోయే ట్రాక్టర్ ఒకటి దాటిపోయి, దాని ట్రాలీ వెనక చేరగలిగితే మాత్రం పెడల్ ఒక్కసారిగా తేలికైపోతుంది. (ఆ పని చెయ్యకండి. డ్రైవర్ బ్రేకు వేస్తే మిగిలేది ఆసుపత్రే.)

టూర్ డి ఫ్రాన్స్ లాంటి పోటీల్లో చదును స్టేజీలన్నీ, అంటే కొండల్లేని రోజు పోటీలన్నీ, ఈ గాలిచాటు చుట్టూనే తిరుగుతాయి. గంటకు 40 కిలోమీటర్లు దాటాక రైడర్ బలంలో 80 నుంచి 90 శాతం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. ముందున్నవాడి చక్రానికి ఆనుకుని పోతే దాదాపు మూడో వంతు శ్రమ మిగులుతుంది. ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపును లెక్కగట్టి చూస్తే, గుంపు నడిమధ్య నుంచి వెనక్కి ఉన్నవాళ్ల మీద పడే గాలి ఒత్తిడి ఒంటరి రైడర్ మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమే అని తేలింది. అంటే నూట డెబ్బై మంది కలిసి వెళ్తుంటే అందులో నిజంగా కష్టపడుతున్నది ముందున్న నలుగురైదుగురు. మిగతావాళ్లు ఆఖరి నిమిషం కోసం కాళ్లు దాచుకుంటున్నారు.

అందుకే చదును స్టేజీ టీవీలో మొదటి నాలుగు గంటలు నిద్ర తెప్పిస్తుంది. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు విడిపోయి ముందుకు పోతారు, గుంపు వాళ్లను పోనిస్తుంది. చేతకాక కాదు. ముందు చిన్న జట్టు ఉంటే ఇంకెవరూ దూకడానికి ప్రయత్నించరు, పోటీ అదుపులో ఉంటుంది. వాళ్లను మరీ తొందరగా పట్టుకుంటే కొత్తవాళ్లు మళ్లీ దూకుతారు కాబట్టి, దారం వదిలీ లాగీ మెల్లగా దగ్గరికి తెచ్చుకుంటారు. పది కిలోమీటర్లు మిగిలి ఉండగా నిమిషం తేడా ఉంటే గుంపు అందుకోగలదని ఫ్రెంచ్ వ్యాఖ్యాత రోబేర్ షపాత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ లాగే పని గంటల తరబడి చేసేవాడి పేరు ఫలితాల్లో అట్టడుగున కనిపిస్తుంది. బెల్జియం రైడర్ టిమ్ డెక్లెర్క్ ఇలా లాగీ లాగీ ‘ట్రాక్టర్’ అనే పేరు తెచ్చుకున్నాడు. మన మిర్యాలగూడ రోడ్డు మీద ఈ బిరుదుకు వివరణ అక్కర్లేదు.

ఆఖరి పది కిలోమీటర్లలో ఆట మారుతుంది. ఇక్కడే రైలు కడతారు. ఒక జట్టు వాళ్లు నలుగురో అయిదుగురో ఒకరి వెనక ఒకరు బారు తీరుతారు, చివర్లో స్ప్రింటర్. మొదటివాడు ఒళ్లు విరిగేదాకా లాగి పక్కకు తప్పుకుంటాడు, వెంటనే రెండోవాడు అందుకుంటాడు. వేగం పెరగాలే తప్ప ఒక్క క్షణం తగ్గకూడదు. స్ప్రింటర్‌కు ముందుండేవాడిని లీడౌట్ మనిషి అంటారు. దాదాపు 200 మీటర్లు మిగిలేదాకా గాలి మొత్తం తనే మింగి, దారి వదిలేస్తాడు.

రైలు ఎందుకు పనిచేస్తుందన్నది చాలామంది పొరబడే విషయం. స్ప్రింటర్‌కు విశ్రాంతి ఇవ్వడం అందులో సగమే. మిగతా సగం వెనకున్న శత్రువులకు ఊపిరాడనివ్వకపోవడం. గాలిని నెట్టడానికి కావలసిన బలం వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగాన్ని 66కు పెంచాలంటే పది శాతం కాదు, మూడో వంతు ఎక్కువ బలం కావాలి. 62తో పోతున్న రైలును దాటాలనుకున్నవాడు గాలిచాటు వదిలి పక్కకు వచ్చి 66తో తొక్కాలి. అది పది సెకన్లు చేస్తే స్ప్రింట్ కోసం కాళ్లలో ఏమీ మిగలదు. అందుకే గట్టి రైలు ముందుంటే వెనకవాళ్లు చూస్తూ ఊరుకుంటారు.

గాలి ఎటు నుంచి వీస్తోందన్నది చివరి లెక్క. ఎదురుగాలి ఉంటే ఆలస్యంగా లేచినవాడిది గెలుపు, వెనకగాలి ఉంటే ముందే తెగించవచ్చు. గాలి ఎడమ నుంచి వస్తుంటే తెలివైన లీడౌట్ మనిషి స్ప్రింటర్‌ను కుడి అంచుకు, బారికేడ్ పక్కకు తీసుకుపోతాడు. ఇక వెనకవాడు తలదాచుకోవడానికి చోటుండదు. ఇదే ఎత్తు వంద కిలోమీటర్ల ముందే వేస్తే గుంపు ముక్కలవుతుంది. 2013 టూర్ 13వ స్టేజీలో అడ్డంగా వీచే గాలిలో జట్లు ఏటవాలు వరుసలు కట్టి కొట్టిన దెబ్బకు చివరికి ముందు 14 మందే మిగిలారు. మొత్తం పోటీలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ ఒక నిమిషం 9 సెకన్లు పోగొట్టుకున్నాడు. ఎక్కడా కొండ లేదు, ఉన్నదల్లా గాలే.

రైలును కళ్లకు కట్టినట్టు చూపించింది 1990ల్లో ఇటలీ జట్టు సాయెకో. ఎర్ర జెర్సీల బారు చివర మారియో చిపొల్లీని సినిమా హీరోలా కూర్చుని వచ్చేవాడు. 1999 టూర్‌లో వరుసగా నాలుగు స్టేజీలు గెలిచాడు. వాటిలో బ్లువా స్టేజీ సగటు వేగం గంటకు 50.355 కిలోమీటర్లు. తర్వాత మరో స్ప్రింటర్ పెటాకీకి ఫాసా బొర్తోలో జట్టు, 2004 జీరో డి ఇటాలియాలో అతనికి తొమ్మిది గెలుపులు. నా దృష్టిలో మాత్రం అసలు రైలు 2009లో మార్క్ కావెండిష్‌కు కొలంబియా జట్టు కట్టింది. ప్యారిస్ చివరి మలుపులోకి జార్జ్ హింకాపీ తీసుకొచ్చాడు, మార్క్ రెన్‌షా అందుకున్నాడు, కావెండిష్ గెలిచాడు. పని అయిపోయి వదిలేసిన రెన్‌షాను కూడా ఎవరూ అందుకోలేకపోయారు, అతనే రెండోవాడు. 2021లో కార్కసోన్‌లో మైకేల్ మోర్కోవ్ అదే చేశాడు. ఆ రోజు కావెండిష్ ఎడ్డీ మెర్క్స్ 34 టూర్ స్టేజీ గెలుపుల రికార్డును అందుకున్నాడు, వెనకే రెండో స్థానంలో అతని లీడౌట్ మనిషి.

రైలు లేకుండా గెలిచినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియా రాబీ మెక్‌యూవెన్ పక్క జట్ల రైళ్ల మీదే టికెట్ లేకుండా ప్రయాణించి 12 టూర్ స్టేజీలు కొట్టాడు. ఇప్పుడు అందరూ రైళ్లు కట్టడంతో అవి ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి, ఆఖరి కిలోమీటరులో భుజాలు రాసుకుంటున్నాయి. ఈ విద్యలో ప్రమాదం లేదనడం అబద్ధం. 2010లో రెన్‌షా పక్క రైడర్‌ను తలతో కుమ్మి టూర్ నుంచే వెళ్లగొట్టబడ్డాడు. 2020 ఆగస్టులో పోలాండ్‌లోని కటోవీట్సేలో డైలన్ గ్రూనెవెగెన్ అడ్డు రావడంతో ఫాబియో యాకొబ్‌సన్ బారికేడ్లలోకి ఎగిరిపడి చావు అంచు దాకా వెళ్లాడు. గ్రూనెవెగెన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. 2022 టూర్‌లో రెండో స్టేజీ యాకొబ్‌సన్‌ది, మూడో స్టేజీ గ్రూనెవెగెన్‌ది.

జూలైలో మనకు రాత్రి తొమ్మిది ప్రాంతంలో టూర్ స్టేజీల ముగింపులు వస్తాయి. చూసేటప్పుడు స్ప్రింటర్‌ను వదిలేసి అతని ముందున్నవాడిని చూడండి. వరల్డ్ చాంపియన్‌షిప్ గెలిచిన మాథియూ వాన్ డెర్ పూల్ అంతటివాడు 2023 టూర్‌లో ఒక్క స్టేజీ గెలవకుండా, జాస్పర్ ఫిలిప్సెన్ నాలుగు గెలవడానికి ముందుండి గాలి మోశాడు. 2025లో ఫిలిప్సెన్ మూడో స్టేజీలో పడిపోయి ఇంటికి వెళ్లిపోయాడు. జట్టుకు ప్రధాన స్ప్రింటర్ లేడు, అతన్ని మోసే మనుషులు మిగిలారు. తొమ్మిదో స్టేజీ చదును దారి, 174 కిలోమీటర్లు. వాన్ డెర్ పూల్, ఆ రైలులోనే పనిచేసే జోనాస్ రికార్ట్ స్టేజీ మొదలవగానే ఇద్దరే దూకారు. రికార్ట్ చివరి కిలోమీటర్ల దాకా లాగి అలసి వెనకబడ్డాడు. వాన్ డెర్ పూల్‌ను గుంపు షాతోరూలో ముగింపు గీతకు 700 మీటర్ల ముందు మింగేసింది, టిమ్ మెర్లియే గెలిచాడు. సగటు వేగం 50.013 కిలోమీటర్లు. ఆ రోజు పోరాట పటిమకిచ్చే బహుమతి మాత్రం రికార్ట్‌కు ఇచ్చారు, అతను వేదిక ఎక్కాడు.