పాలు కాయకుండా కాచే పని

మేకల్ని కాస్తాం, పాలనూ కాస్తాం. మాట ఒకటే. ఒకచోట కనిపెట్టుకుని ఉండటం, ఇంకోచోట పొయ్యి మీద పెట్టడం. పొయ్యి లేకుండానే మేకపాలను కాచే పద్ధతి ఒకటుంది. అందులోని పనితనం నన్ను కట్టిపడేసింది.

మాచర్ల వైపు రాళ్ల నేలల్లో తుమ్మకాయలు నమిలే మేకను పిండి, చెంబులోకి చూడండి. సున్నమంత తెలుపు. గేదెపాల మీద తేలినట్టు మీగడ తేలదు. కొవ్వు రేణువులు మరీ చిన్నవి, వాటిని గుంపుకట్టించే ప్రొటీనూ ఇందులో దాదాపు లేదు. అలాగని పచ్చిగా తాగకూడదు. మాల్టాలో సైనికుల్ని పీడించిన జ్వరం మేకల నుంచే వస్తోందని జమిత్ అనే వైద్యుడు 1905లో తేల్చాడు.

ఇక పొయ్యి లేకుండా కాచే యంత్రం సంగతి. పాలను మెత్తటి ప్లాస్టిక్ సీసాలో నింపి, బిగించి, నీళ్లున్న మందపాటి ఉక్కు గొట్టంలోకి దించుతారు. పంపు ఒత్తిడి పెంచుతూ పోతుంది, గాలి మన మీద మోపే బరువుకు దాదాపు 6,000 రెట్ల దాకా. సీసా నలగదు, ఎందుకంటే ఒత్తిడి అన్నివైపులా సమానం. లోపలి నీటి పరిమాణం దాదాపు ఏడో వంతు మేర తగ్గుతుంది, వదలగానే తిరిగి సాగుతుంది. నొక్కితే నీరూ వేడెక్కుతుంది కనుక ముందే చల్లబరిచి పెడతారు. ఎంత ముందుచూపు! ఆ కొద్ది నిమిషాల్లో సూక్ష్మజీవుల పొర చితుకుతుంది. విటమిన్లు, రుచినిచ్చే చిన్న అణువులు చెక్కుచెదరవు. అమెరికాలో హైట్ అనే పరిశోధకుడు 1899లోనే పాల మీద ఈ ప్రయత్నం చేశాడు.

చీజ్ దగ్గరే అసలు సొగసు. బార్సిలోనా పరిశోధకులు మేకపాలను 500 మెగాపాస్కల్స్ ఒత్తిడిలో 15 నిమిషాలు ఉంచి చీజ్ చేశారు. పాశ్చరైజేషన్ వేడికి పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ దెబ్బతింటుంది. ఒత్తిడికి మాత్రం నిలిచింది. కొవ్వును కొంచెం కొంచెంగా విడదీసి మేక చీజ్‌కు ఆ ఘాటు తెచ్చేది అదే. అలా విడివడే కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలకు ఆ పేర్లు లాటిన్‌లో మేకను పిలిచే మాట నుంచే వచ్చాయి. పచ్చిపాల చీజ్‌లో ఉండే ఆ గుణం పోకుండా, పచ్చిపాల భయాన్ని తగ్గించారన్నమాట.

ఖరీదైన యంత్రం ఇది. మన పాకల్లో పొంగు వచ్చేదాకా కాయడమే దారి. పైగా గట్టి పెంకులో దాక్కున్న బ్యాక్టీరియా బీజాలు ఇంత ఒత్తిడికీ చావవు. అందుకే గొట్టంలోంచి తీసిన సీసా నేరుగా చల్లటి గదిలోకి వెళ్తుంది. రెంటచింతల ఎండలో ఒక్క పూట బయట పెట్టినా ఆ పనంతా వృథా.